డాక్టరుగారు పోగొట్టిన స్వెటర్లు

డాక్టర్ ఎలియోదోరో పరియోన పోయిన ఐదోనాడు, పొద్దున్నే ఆయన కూతురు దెల్ఫీనా బట్టల మూట పట్టుకుని ఏటి ఒడ్డుకు వచ్చింది. మూట చంకలో ఇమిడిపోయింది. నలభై రెండేళ్లు ఒక లోయ మొత్తానికి ఒక్కడే డాక్టరుగా బతికిన మనిషి విడిచివెళ్లినవి ఇవీ: ఐదు చొక్కాలు, రెండు ప్యాంట్లు, రెండు తెల్ల కోట్లు, ఒక కంబళి, మడమల దగ్గర చిల్లులు పడ్డ నాలుగు జతల మేజోళ్లు.

పోయినవాళ్ల బట్టలన్నీ ఐదోనాడు ఏట్లో ఉతకాలి, అది ఆ లోయ ఆచారం. ఒక్క గుడ్డపేలిక మిగిలినా ఆ మనిషి దానికోసం సగం దారిలోంచి వెనక్కి తిరుగుతాడు, ఉత్త కాళ్లతో కొండలన్నీ వెతుక్కుంటాడు. ఉతికేవాళ్లు సొంతవాళ్లు కాకూడదు. స్నేహితులు, ఇరుగుపొరుగు, పోయిన మనిషి ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించిన పిల్లలు ఉతకాలి. కూతురూ మనవరాలూ ఒడ్డున కూర్చుని కోకా ఆకు నములుతూ చూడాలి, అంతే. నీళ్లు ముట్టుకోకూడదు.

పెద్దరికం రొట్టెల బట్టీ సాతుర్నినోది. ఎనభై దాటినా గొంతు మాత్రం తగ్గలేదు. ఆయన మూట విప్పి, ఒక్కొక్క బట్టా దులిపి, జేబులు తిరగేసి చూశాడు. తెల్లకోటు జేబులోంచి రెండు టాఫీలూ, ఒక ఎర్రటి రబ్బరుబ్యాండూ రాలాయి.

"అది నాదే," అంది మనవరాలు నేలిదా. పదిహేడేళ్ల పిల్ల, బొంగురుపోయిన గొంతు. తల్లి దెల్ఫీనా పై ఊరి బడిలో లెక్కలు చెప్పడానికి చీకటితోనే బయల్దేరుతుంది కాబట్టి ఆరేళ్లప్పటి నుంచీ దానికి జడలు వేసింది తాతే. కాన్పులు చేయడం దీనికన్నా తేలికని సణుగుతూ, ఏ రోజూ పాపిట వంకర పోకుండా వేసేవాడు.

సాతుర్నినో బట్టలన్నీ చూసి దెల్ఫీనా వైపు తిరిగాడు. "ఇంతేనా అమ్మాయీ? ఇంకేమీ మిగల్లేదు కదా?"

"ఇంతే బాబాయ్."

అబద్ధం. నల్ల శాలువా కింద ఆమె తండ్రి స్వెటరు తొడుక్కుని ఉంది. తనే మొన్న జూన్‌లో అల్లింది, గోధుమరంగు అల్పాకా ఉన్నిది, ఆయన చివరి రోజు దాకా ఒంటిమీద ఉన్నది. దానికి ఇంకా ఆయన వాసన ఉంది: కర్పూరం, నీలగిరి సబ్బు, కోకా ఆకు, వాటన్నిటి అడుగున ఆయన. ఐదు రోజులుగా దాంట్లో ముఖం దాచుకునే నిద్రపోతోంది. కాస్త సబ్బూ నాలుగు ముంచులూ చాలు, నాన్న వాసన లోకంలో ఎక్కడా ఉండదు. లెక్కల టీచరుకి ఉత్త కాళ్లతో తిరిగే ఆత్మల మీద పెద్దగా నమ్మకం లేదు. అయినా రాత్రి గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా లేచి గడియ చూసుకుందన్న మాట కూడా నిజం.

ఇంతకీ ఆ ఒక్క స్వెటరే ఎందుకు మిగిలిందంటే, అదొక్కటే ఆయన పోగొట్టలేదు.

తల్లి పోయిన ఏడాది దెల్ఫీనాకి పద్నాలుగేళ్లు. అక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలం ముంచుకొస్తుంటే పక్కింటావిడ దగ్గర సూదులు పట్టడం నేర్చుకుని, రెండు నెలలు కుస్తీపట్టి, తండ్రికి నీలం స్వెటరు అల్లింది. తీరా చూస్తే ఎడమ చెయ్యి కుడిచేతి కన్నా రెండు వేళ్లు పొడుగు. సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన మాత్రం పండక్కి కోటు తొడుక్కున్నట్టు తొడుక్కుని, ఊరంతా తిరిగొచ్చాడు. సరిగ్గా పదకొండో రోజున చొక్కాతో వణుకుతూ ఇంటికొచ్చాడు. స్వెటరేదంటే ఏట్లో పడిపోయిందన్నాడు.

అది మొదలు. ఏటా జూన్‌కి ఆమె ఒకటి అల్లడం, ఆయన ఎక్కడో పారేసుకుని రావడం. బస్సులో మర్చిపోయాడు. మూటలు మోసే లామా నమిలేసింది. గుర్రం మీద నుంచి జారి లోయలో పడింది. ఒకసారి సుడిగాలి ఎత్తుకుపోయిందన్నాడు. ఒంటిమీద ఉన్న స్వెటర్ని తల మీదుగా లాగి తీసుకుపోయే గాలి ఎలాంటిదో దెల్ఫీనాకి అంతుపట్టలేదు. నేలిదా ఆ అబద్ధాలన్నీ వరసగా ఒప్పజెప్పి ఇంటిల్లిపాదినీ నవ్వించేది. దెల్ఫీనా కూడా నవ్వేది గానీ లోపల ముల్లు మాత్రం అలాగే ఉండిపోయింది. ఊళ్లో ఎవరికి దగ్గొచ్చినా అర్ధరాత్రి లేచి వెళ్లే మనిషికి కూతురు అల్లిన స్వెటరు కాపాడుకోవాలన్న ధ్యాస లేదు. పదేళ్లయ్యాక ఆమె ఛాతీ మీద పువ్వులు అల్లడం మానేసింది. పోగొట్టేదానికి పువ్వులెందుకు? ఆ ఏడాది ఆయన దాన్ని తిప్పితిప్పి చూసి, "ఈసారి పువ్వులు లేవేంటమ్మా?" అని అడిగాడు.

ఎండ ఏటి మీద పడేసరికి జనం రావడం మొదలైంది.

పదిమందో ఇరవైమందో వస్తారనుకుని దెల్ఫీనా ఒక కుండెడు సూప్ కాయించింది. ఎదురు కొండ మీది కాలిబాట చూస్తే కదులుతోంది. పై ఊళ్ల నుంచి, గనుల వైపు నుంచి, బస్సు కూడా వెళ్లని చోట్ల నుంచి ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ దిగివస్తున్నారు. కొందరు ముందురోజే బయల్దేరారట. కాసేపటికి ఒడ్డున నిలబడే చోటు లేదు. ఐదు చొక్కాలకి ఇంతమంది చేతులు. సాతుర్నినో గొంతు చించుకుని వరస పెట్టించాడు: ఒక్కొక్కరూ ఒక్క ముంచు ముంచి పక్కవాళ్లకి అందించాలి, ఎక్కువసేపు పట్టుకుంటే ఊరుకోనన్నాడు. ఒక ముసలావిడ తెల్లకోటు వదలకపోతే, "ఏంటే యూఫ్రాసియా, కోటు అరిగిపోయేదాకా రుద్దుతావా? తైతాకి పైన తొడుక్కోడానికి ఏమన్నా మిగల్చు," అన్నాడు. తైతా అంటే వాళ్లకి తండ్రి. లోయలో ఆయన్ని డాక్టరన్నవాళ్లు తక్కువ.

యూఫ్రాసియా కోటు పక్కవాళ్లకిచ్చి, వీపు మీది మూట దించింది. ముడి విప్పి అందులోంచి ఒక ఎర్ర స్వెటరు తీసింది.

దెల్ఫీనా లేచి నిలబడింది. ఛాతీ మీద తెల్ల పువ్వులు మూడు, నాలుగోదానికి ఉన్ని చాలక సగంలో ఆగిపోయింది. ఆమెకి ఇరవై ఏళ్లప్పటిది. లామా నమిలేసినది.

"ఇది కూడా తైతాదే, ఉతకాలి కదా," అంది యూఫ్రాసియా మామూలుగా, నీళ్లలోకి దిగుతూ.

ఆవిడ వెనక ఇంకొకావిడ మూట విప్పింది. బూడిదరంగుది, సుడిగాలి ఎత్తుకుపోయినది. తర్వాత ఒక గని కార్మికుడు, తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్లు. పచ్చది, నల్లంచుది, పువ్వులున్నవి, పువ్వుల్లేనివి. ఒక్కొక్కటీ పాత గుడ్డలో చుట్టి, చిమట పట్టకుండా ఎండు ఆకులు వేసి దాచినవి. ఏ ఏడాది ఏది అల్లిందో, ఎక్కడ ఎన్ని కుట్లు జారాయో ఆమె చేతులకి తెలుసు. తను బతికిన ఏడాదులన్నీ వరసగా కొండ దిగి వస్తున్నాయి.

"బాబాయ్," అంది. "ఇవన్నీ వీళ్ల దగ్గరెందుకున్నాయి?"

సాతుర్నినో ఆమెని వింతగా చూశాడు. "నీకు తెలీదా? నీకు చెప్పొద్దని మాతో ఒట్టేయించుకున్నాడు గానీ, నీకెప్పుడో తెలిసే ఉంటుందనుకున్నాం."

"ఏంటి తెలియడం?"

"ఆ పై ఇళ్లల్లో చలి నీకు తెలుసు కదమ్మా. పిల్ల పుట్టి ఏడవకపోతే, ఒళ్లు నీలంగా తిరిగితే, గుడ్డలు వెచ్చబెట్టే తీరికెక్కడిది? తన ఒంటిమీదది తీసి, ఆ వెచ్చదనం పోకముందే పిల్లని అందులో పెట్టేవాడు. పిల్ల తల స్వెటరు మెడలోంచి బయటికొచ్చేది. మా మనవడైతే అందులో పడ్డాక గాని ఏడవలా. రెండుసార్లు పుట్టాడంటాం వాణ్ణి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగా. చెబితే ఊరికోసం అల్లుతుందయ్యా అన్నాడు. నాకోసం అల్లింది తొడుక్కోవాలని ఉంటుంది నాకు, పది రోజులైనా చాలు అన్నాడు." సాతుర్నినో ముక్కు తుడుచుకున్నాడు. "ప్రతి ఇంట్లో అదే మాట చెప్పేవాడు. ఈ పిల్లని బతికించింది నేను కాదు, మా దెల్ఫీనా చెయ్యి అని. వీళ్లలో సగంమంది ఇవాళ నిన్ను చూడ్డానికే వచ్చారు."

అప్పుడు గమనించింది. వచ్చినవాళ్లంతా ఏటివైపు కాదు, తనవైపు చూస్తున్నారు. పెద్ద పెద్ద మగవాళ్లు టోపీలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఒక తల్లి పిల్లాణ్ణి ఎత్తి ఆమెను చూపిస్తోంది. తండ్రిని తన నుంచి ఊరు లాక్కుందని ముప్పై ఎనిమిదేళ్లు అలిగింది. ఆయనేమో ఏటా తనని కొండలెక్కించి, ఎవరి గుండె ఆగిపోతుంటే వాళ్ల గుండె మీద పెట్టి వచ్చాడు. ఆ సంగతి ఆమెకి ఒక్కసారిగా అందలేదు. నేలిదా వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఆఖర్న బస్సు డ్రైవరు ఫ్లొరెన్సియో వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆమె ఎక్కే బస్సు అతనిదే. ఏ రోజూ టికెట్టు అడగలేదు, ఎందుకని ఆమె ఏ రోజూ ఆలోచించలేదు.

"నేను మొదటివాణ్ణి టీచరుగారూ," అన్నాడు. "ముంచేముందు మీకొకసారి చూపించమంది అమ్మ."

నీలం స్వెటరు. వెలిసి దాదాపు తెల్లబడింది. ఆమె కళ్లు ముందు ఎడమ చేతి మీదికే పోయాయి, పద్నాలుగేళ్లప్పటి సిగ్గు ఇప్పటికీ అంతే ఉంది. అయితే చెయ్యి పొడుగ్గా లేదు. రెండు చేతులూ సమానంగా ఉన్నాయి.

చెయ్యి అంచు తిరగేసింది. లోపల రెండు వేళ్ల వెడల్పు మడత పెట్టి, పైకి కనబడకుండా నల్లదారంతో కుట్టి ఉంది. గాయాలు కుట్టే దారం. ఒక్కొక్క కుట్టుకీ ఒక్కొక్క ముడి, ముడి పక్కన చిన్న తోక. ఆ ముడుల్ని లోయలో ఎవరైనా గుర్తుపడతారు. సగంమంది నుదుళ్ల మీదా మోకాళ్ల మీదా వాటి గుర్తులు ఉన్నాయి. పొడుగైందని కూతురితో ఒక్క మాట అనకుండా, ఆమె నిద్రపోయాక దీపం దగ్గర కూర్చుని, చంటిపిల్ల చర్మం కుట్టినంత జాగ్రత్తగా కుట్టుకున్నాడు. పండక్కి కోటు తొడుక్కున్నట్టు తొడుక్కున్నాడు.

"అది మేం ఎవరం ముట్టుకోలేదండీ," అన్నాడు ఫ్లొరెన్సియో. "ఎన్నిసార్లు ఉతికినా ఊడలేదు."

దెల్ఫీనా ఆ ముడులన్నీ బొటనవేలితో ఒక్కొక్కటే తడిమింది. తొమ్మిది ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది, ఐదు రోజుల్లో మొదటిసారి, గట్టిగా, జనం ఉన్నారని చూడకుండా.

సాతుర్నినో అడగాల్సింది అడిగాడు. ఏటి దగ్గర మూడుసార్లు అడగడం ఆచారం, ఒక్కసారే అడిగి ఊరుకున్నాడు పొద్దున. "ఇంకేమన్నా మిగిలిందా అమ్మాయీ?"

ఆమె శాలువా తీసి నేలిదాకిచ్చింది. గోధుమరంగు స్వెటరు తల మీదుగా లాగింది. మెడ దాటుతుంటే కర్పూరం, సబ్బు, నాన్న. ఒక్క క్షణం ఆగింది లోపల. తర్వాత తీసి ఫ్లొరెన్సియో చేతిలో పెట్టింది.

"ఇదొకటుంది," అంది. "పువ్వుల్లేవు దీనికి. మెల్లిగా ఉతుకు."