జిగురు గది కిటికీ

పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా పెద్దమ్మ ఫోను తెరిచి కొత్తవాళ్ల రాతలు చదువుతుంది. బ్లాక్‌చెయిన్ మీద నడిచే ఒక బ్లాగుల సంఘంలో కొత్తగా చేరినవాళ్లకు దారి చూపే పని ఆమెది. ఆ వేళకి ఆమె లాండ్రీ కొట్టు నిండా వాసనలే. ఎవరో పడవకు తారు పూసిన సంగతి రాస్తే తారు వాసన. ఎవరో బిడ్డకు జ్వరం వచ్చిన సంగతి రాస్తే నుదుటి మీది తడిగుడ్డ వాసన. సొంతంగా అనుభవించి రాసిన రాతకు వాసన ఉంటుంది, అది ఫోనులోంచి వస్తుంది. అందులో ఎవరికీ వింత లేదు. పక్కకొట్టు గడియారాల మేస్త్రీ మాత్రం, "ఆ తారు రాతేదో తొందరగా చదివి ముయ్యండి తల్లీ, తల తిరిగిపోతోంది" అని గోడ మీద కొడతాడు.

ఆ రోజు పెద్దమ్మ ఒక రాత తెరిచి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించింది.

"చిన్నదీ! ఇటు రావే."

చిన్నది ఆమె చెల్లెలి కూతురు. ముప్పై దాటినా ఇంకా అదే పిలుపు. మొన్నటిదాకా చెప్పుల ఫ్యాక్టరీ జిగురు గదిలో అడుగులు అతికించేది. తడి జిగురు మీద దుమ్ము పడితే అడుగు పట్టదని ఆ గదికున్న ఒక్క కిటికీకీ మేకులు దిగ్గొట్టారు. అది తీయమని అడిగినందుకు చిన్నది పని పోయింది, దగ్గు మిగిలింది. ఆమె పక్కన కూర్చునే పొడుగుపిల్ల ఇంకా ఆ గదిలోనే ఉంది, కడుపుతో. మానేస్తే ఇల్లు గడవదు. ఆ పిల్ల కోసమైనా కిటికీ తెరిపించాలని చిన్నది పట్టుదల. అందుకే నిన్న ఈ సంఘంలో చేరింది.

"'పారిశ్రామిక వాయు కాలుష్యం, నివారణోపాయాలు'. ఏంటే ఈ గోల?"

"నేను పెట్టిందే పెద్దమ్మా."

"వాసన చూడు."

చిన్నది చూసింది. ఏమీ లేదు. గాజు పలక వాసనైనా లేదు.

"ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చావ్?"

"నాకు అంత బాగా రాయడం రాదుగా. పెద్ద మాటలుంటే పెద్దవాళ్లు చదువుతారనుకున్నా."

"పైగా ఈ ముష్టొకటి! కనిపించిన ప్రతివాళ్ల రాత కిందికీ వెళ్లి 'మీ రాతకు ఓటేశా, నా రాతకూ వెయ్యండి' అని. వాళ్లు రాసింది చదివావా?"

"లేదు."

"మరి నీది వాళ్లెందుకు చదవాలే?"

అప్పటికే ఎవరో పట్టేశారు. రాత కింద 'కాపీ' అని ఎర్ర గుర్తు పడింది. చిన్నది మొహం మాడిపోయింది.

"తీసేస్తా."

"తియ్యలేవు. ఇక్కడ రాసింది ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఒకేసారి పడుతుంది. పైపైన దిద్దినా పాతది అడుగున అట్లాగే ఉంటుంది. నువ్వూ చెరపలేవు, నేనూ చెరపలేను, ఈ సంఘం పెట్టినవాడూ చెరపలేడు."

"అయితే నా పరువు?"

"పోయింది. పోయిందని ఒప్పుకుని దాని కిందే నిజం రాయి. నేను కాల్చిన చొక్కాలు, తిన్న తిట్లు ఏమైనా చెరిగిపోయాయా? వాటి మీదే నిలబడి కొట్టు పెట్టుకున్నా. ఏడుపాపి కూర్చో." ఇస్త్రీపెట్టె అందుకుంటూ ఆగింది. "ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఆ తాళం అక్షరాలు దాచుకున్నావా? పోతే ఎవడూ తెచ్చివ్వడు. ఎవరికీ చెప్పకు. నేనడిగినా చెప్పకు."

చిన్నది మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. ముందు 'నిన్నటిది నాది కాదు, తప్పు చేశాను' అని రాసింది. తర్వాత గది గురించి రాసింది. జిగురు డబ్బా మూత తియ్యగానే వాసన తీపిగా ఉంటుందని, కాసేపటికి నాలుక మీద చేదుగా దిగుతుందని రాసింది. సూపర్‌వైజరు అటు తిరగగానే పొడుగుపిల్ల తలుపు సందులో ముక్కు పెట్టి, తన కోసం ఒకటి, బిడ్డ కోసం ఒకటి ఊపిరి తీసుకుంటుందని రాసింది.

రాయడం అయ్యేసరికి కొట్టంతా జిగురు. మేస్త్రీ దగ్గుకుంటూ వచ్చాడు. తిట్టలేదు.

"ఇందులోనేనా అమ్మా నువ్వు ఇన్నాళ్లూ కూర్చుంది?" అని అడిగి, కొట్టు తలుపు బార్లా తీసి వెళ్లాడు.

ఆ సాయంత్రం చిన్నది ఎవర్నీ ఓటు అడగలేదు. ఇతరుల రాతలు చదివింది. తారు పూసే పడవల మనిషిని, ఆ ఘాటు ఎలా తట్టుకుంటావన్నా అని అడిగింది. అతను ఆమె రాత దగ్గరికొచ్చి చదివి, కింద రాశాడు: "మా షెడ్డు కిటికీకి పల్చటి గుడ్డ బిగిస్తాం చెల్లెమ్మా. గాలి వస్తుంది, దుమ్ము రాదు." అతని వెనక ఇంకెందరో వచ్చారు. ఎవరి ఇంట్లో వాళ్లు కిటికీలు తెరుచుకుని చదివారు.

కొన్నాళ్లకు ఆ రాత సంగతి తెలిసి ఫ్యాక్టరీ మేనేజరు ఫోను చేశాడు.

"అది తీసెయ్యమ్మా. రేపే పనిలోకి రా."

"తియ్యడం కుదరదు సార్."

"తియ్యనంటున్నావా?"

"కుదరదంటున్నా. రాయడానికే తాళం ఉంది, చెరపడానికి లేదు."

"ఆ తాళమేదో నాకు చెప్పు, మావాళ్లు చూసుకుంటారు."

"చెప్పను" అని చిన్నది ఫోను పెట్టేసింది.

మేనేజరు నమ్మలేదు. భయపడి ఎప్పటికైనా తీసేస్తుందనుకున్నాడు. అందుకని రోజూ తెరిచి చూసేవాడు, పోయిందా లేదా అని. తెరిచినప్పుడల్లా మేడమీద అతని అద్దాల గది జిగురుతో నిండిపోయేది. ఆ కబుర్లు పొడుగుపిల్ల చెప్పేది. "ఇవాళ అన్నం తినలేకపోయాడంటక్కా. ఫోను గుమ్మం బయట పెట్టి పడుకోమందంట వాళ్లావిడ." ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నవ్వు చివర ఇద్దరికీ దగ్గు వచ్చేది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తితే మాట కంటే ముందు గోల వినిపించింది.

"ఎక్కడున్నావే? రోడ్డు మీదా?"

"లేదక్కా. బల్ల దగ్గరే."

"మరి ఆ హారన్లేంటి?"

"పొద్దున మేనేజరే పటకారు పట్టుకుని కిందికొచ్చాడు. మేకులు పీకి, కిటికీకి పల్చటి గుడ్డ బిగించారు." పొడుగుపిల్ల దగ్గకుండా నవ్వింది. "నీకూ వినిపిస్తోందా?"

చిన్నది ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.