దూది దగ్గు

ఆ రోజు ఇంట్లో నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, నాయనమ్మ ఉంది, ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చిన అక్క ఉంది, అక్క చేతుల్లో మూడు రోజుల పసివాడు ఉన్నాడు. వెనకగదిలో బస్తాల చాటున నత్త కూడా ఉంది. కొత్తవాళ్లు గడపలో అడుగు పెడితే చాలు లోపలికి ముడుచుకుపోతుందని నాన్న పెట్టిన పేరది. పద్నాలుగేళ్లొచ్చినా పేరూ పోలేదు, సిగ్గూ పోలేదు.

వాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. నాన్న యంత్రంలో దూది ఏకుతాడు, అమ్మ కుడుతుంది, నాయనమ్మ పాత దూదిలో చెత్త ఏరుతుంది. నూగు ఎగిరి కనురెప్పల మీదా, మంచినీళ్ల గ్లాసులోనూ వాలుతుంది. అందుకే ఆ ఇంట్లో దగ్గనివాళ్లు లేరు. వారం రోజులు ఎవరైనా దగ్గకపోతే, "ఏం, పని ఎగ్గొడుతున్నావా?" అంటుంది నాయనమ్మ.

నత్త రెండు వారాలుగా దగ్గుతోంది. మొదట రొంపలా వచ్చింది. తర్వాత తెరలు తెరలుగా, ఊపిరి తీసుకునే సందు లేకుండా దగ్గు. చివర గాలి లోపలికి లాగితే గొంతులో ఈల వేసినట్టు చప్పుడు. ఆ చప్పుడు ఎవరైనా వింటే తల కొట్టేసినట్టుంటుందని, తెర వచ్చినప్పుడల్లా వెనకగదికి పరుగెత్తి దూది బస్తాలో మొహం దాచుకునేది. యంత్రం హోరులో ఎవరికీ వినబడేది కాదు. డైరీకి మాత్రం చెప్పుకునేది.

ఇవాళ పసివాడొస్తున్నాడని నాన్న యంత్రం ఆపేశాడు. ఆ సంగతి నత్తకు తట్టలేదు.

"ఏదమ్మా, నా మునిమనవణ్ణి ఇలా ఇవ్వు," అంటూ నాయనమ్మ చేతులు చాచింది.

"ఆగు నాయనమ్మా. ఇంట్లో కాలు పెట్టగానే మొదట దాని చేతికే ఇస్తానని మాటిచ్చాను. నత్తా! రావే, నీ కొడుకు వచ్చాడు."

నత్త వచ్చింది. చేతిలో తను కుట్టిన బుల్లి బొంత. నెల రోజులుగా ఈ ఒక్క క్షణం కోసమే చూస్తోంది. ఇంకా నాలుగడుగులుందనగా గొంతులో గరగర మొదలైంది. వెనక్కి తిరిగి పరుగెత్తి బస్తాలో మొహం పెట్టింది. తెర మీద తెర వచ్చి, చివర ఆ ఈల నిశ్శబ్దంగా ఉన్న ఇల్లంతా వినిపించింది.

పసివాణ్ణి తూచడానికి వచ్చిన నర్సు గడపలోనే ఆగిపోయింది. "ఎవరిదా దగ్గు?"

"మా నత్తదే. దూది దగ్గులెండి," అంది నాయనమ్మ. "మా ఇంటి ఆస్తి అదొక్కటే."

నర్సు వెనకగది గుమ్మం దాకా వచ్చింది. "నిజంగా దూది వల్లేనా, అమ్మాయీ?"

అవునని తల ఊపితే చాలు, నర్సు వెళ్లిపోతుంది. నత్త గుమ్మంలోంచి అక్క వైపు చూసింది. పసివాడు ఆవలించాడు. ఆ ముక్కుపుటాలు సూది బెజ్జాల్లా ఉన్నాయి.

అమ్మను కూడా ముట్టుకోనివ్వని డైరీ తెచ్చి, నర్సు చేతిలో పెట్టింది.

"మంగళవారం: పదకొండు సార్లు. రెండు సార్లు వాంతి," అని నర్సు పైకి చదివింది. "ఆదివారం: ఇవాళ యంత్రం నడవలేదు. అయినా పద్నాలుగు సార్లు. ఇది దూది వల్ల కాదేమో."

డైరీ మూసింది. "ఇది కోరింత దగ్గులా ఉంది. పరీక్ష చేయించాలి."

"మందులేని దగ్గా?" అమ్మ గాభరాపడింది.

"మందుంది. ఊపిరి గొట్టం లోపల మఖమలు గుడ్డకున్నట్టు సన్నటి నూగు ఉంటుందమ్మా. అది కదులుతూ కఫాన్ని పైకి తోస్తుంటుంది. ఈ దగ్గు తెచ్చే బాక్టీరియా ఆ నూగుకు అతుక్కుని విషం వదులుతుంది. నూగు చచ్చుబడుతుంది. ఇక ఊడ్చే దిక్కులేక మనిషి అలా దగ్గుతూనే ఉంటాడు."

"మరి... వీడికొస్తే?" అక్క పసివాణ్ణి గుండెకు అదుముకుంది.

"ఇంత పసివాడికి దగ్గే శక్తి కూడా ఉండదు. ఊపిరే ఆగిపోవచ్చు."

అంతలో నాన్నకు దగ్గొచ్చింది. అందరూ ఆయన వైపు తిరిగారు.

"నాది నిజంగా దూది దగ్గే!" అన్నాడు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"మీరూ మింగాల్సిందే మందు. ఇంటిల్లిపాదీ," అంది నర్సు. "అమ్మాయి అయిదు రోజులు మందు వేసుకునేదాకా పసివాడి దగ్గరికి రాకూడదు. దగ్గు మాత్రం ఇంకా కొన్ని వారాలు ఉంటుంది. పాడైన నూగు మళ్లీ రావాలిగా. ఈ డైరీ లేకపోతే ఇవాళ నేనూ దూది దగ్గే అనుకుని, పసివాణ్ణి తూచేసి వెళ్లిపోయేదాన్ని."

దుమ్ము లేని పక్కగదిలో, కిటికీ పక్కన నత్తకు పరుపు వేశారు. బుల్లి బొంతను అమ్మ వేడినీళ్లలో నానబెట్టింది. అక్క ముందుగది అవతలి గోడ దగ్గర నిలబడి, పసివాణ్ణి పైకెత్తి చూపించింది.

"పిన్నిని చూడరా. ఒసేయ్, నేను మాట తప్పలేదు. ఈ అయిదు రోజులూ వీణ్ణి ఎవరెత్తుకున్నా అది ఎత్తుకున్నట్టు కాదు. నువ్వెత్తుకున్నప్పుడే మొదటిసారి అయినట్టు."

నత్త నవ్వబోయింది. గొంతులో గరగర లేచింది.

"తలుపు వెయ్యవే, అక్కా."

"ఉండవే, కాస్త కళ్లారా చూసుకో."

"వెయ్యమంటున్నానా!"

నత్త అరవగా వినడం ఆ ఇంట్లో ఎవరికైనా అదే మొదటిసారి. అక్క కళ్లు నిండాయి. పసివాణ్ణి అమ్మకు అందించి, గబగబా వచ్చి తలుపు వేసేసింది.