మీటరు అంచు

"గుడ్డ పరిస్తే రోడ్డు నిలబడుతుందా?" అని అత్తయ్య అడిగినప్పుడు నేను భోజనాల బల్ల మీద ఒక పక్క బీన్స్ తరుగుతూ, ఇంకో పక్క మా ఆయన ఆఫీసు డ్రాయింగు దిద్దుతున్నాను. నిలబడుతుందన్నాను. బురద నేలలో ఎంత కంకర పోసినా మింగేస్తుంది. మధ్యలో జియోటెక్స్‌టైల్ అనే ఆ గట్టి గుడ్డ పరిస్తే నీళ్లు దారి చూసుకుంటాయి గానీ కంకర బురదలో కలవదని చెప్పాను. "ఏమోనమ్మా, ముందు పొయ్యి మీద ఆ పప్పు మాడకుండా చూడు" అందావిడ.

పాప పుట్టినప్పుడు, రోడ్లు డిజైన్ చేసే ఉద్యోగం మానేశాను. "ఏడాదే కదా" అన్నారు ఆయన. పాపకిప్పుడు ఏడేళ్లు. ఈలోగా ఆయన కంపెనీ వేసిన నాలుగు రోడ్లకి డిజైన్ చేసింది నేనే. మొదటిసారి "కాస్త చూసిపెట్టవోయ్" అన్నారు. రెండోసారికి ఆ "కాస్త" పోయింది. మూడోసారి కాగితాలు బల్ల మీద పడేసి స్నానానికి వెళ్లిపోయారు. డ్రాయింగు మూల సంతకం మాత్రం ఎప్పుడూ ఆయనదే. ఒకసారి అడిగితే, "మనలో మనకి నీదీ నాదీ ఏంటి?" అని నవ్వారు. అప్పుడా మాట ప్రేమగానే వినిపించింది. అంట్లు, పాప హోంవర్కు, అత్తయ్య మాత్రలు నావి ఎలా అయ్యాయో అడగాలని ఆ రోజు తోచలేదు.

ఇప్పుడు దిద్దుతున్న ఈ ఐదో రోడ్డు నా చేతికి రాకముందే రెండుసార్లు కుంగింది. నేల చూస్తానంటే, "అక్కడికి నువ్వెందుకు, ఫొటోలు పంపిస్తాగా" అన్నారు. ఫొటోలూ, మట్టి పరీక్ష రిపోర్టూ చూస్తే మనిషి అడుగు కూడా ఆగే నేల కాదని తెలిసింది. అందుకే ఒక గుడ్డ అంచు మీద ఇంకో గుడ్డ నిండు మీటరు ఎక్కాలని రాశాను.

వారం తర్వాత, ఉదయం పదకొండింటికి ఆయన సైటు నుంచి ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

"మీటరు ఎందుకు పెట్టావ్? జానెడు చాలని మేస్త్రీ నాలుగు వరసలు పరిచేశాడు. చీఫ్ ఇంజనీరు ఎదురుగా నిలబడి అడుగుతున్నాడు. రెండు ముక్కల్లో చెప్పు, తొందరగా."

జవాబు నాలుక చివరే ఉంది. బరువు పడగానే మెత్తటి బురద కదులుతుంది, గుడ్డలు చెరోవైపు జారతాయి, జానెడు అంచు విడిపోయి ఆ సందులోంచి బురద తన్నుకొస్తుంది. చెప్పడానికి అర నిమిషం చాలు. ఆయన అటు తిరిగి అదే అప్పగిస్తారు. నాకు కోపం రాలేదు. రాకపోవడమే వింతగా అనిపించింది.

"ఫోన్ ఆయనకివ్వండి, నేనే చెప్తాను" అన్నాను.

"నా పరువు తీస్తావా? ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ముందు చెప్పు."

"ఆ నాలుగు వరసల మీదకి కంకర లారీ ఎక్కనివ్వకండి. మిగతాది ఆయనతోనే."

అవతల గాలి హోరు. "ఎవరయ్యా ఫోన్లో?" అని ఎవరో అడగడం వినిపించింది. ఫోన్ చేయి మారింది.

"చెప్పండమ్మా, ఎవరు మీరు?"

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నా మొహంలోకే చూస్తోంది.

"ఆ డ్రాయింగు వేసిన ఇంజనీర్ని" అన్నాను.

చీఫ్ ఇంజనీరు మూడు ప్రశ్నలు అడిగారు, మూడింటికీ జవాబు చెప్పాను. నాలుగు వరసలూ లేపి మళ్లీ పరచమని అక్కడే కేకేశారు. "రేపు పదింటికి సైటుకి రాగలరా?" అన్నారు. వస్తానన్నాను.

"రేపు పదింటికా? మరి వాడికి క్యారేజీ ఎవరు కడతారు?" అంది అత్తయ్య.

"ఆయనే కట్టుకుంటారు, అత్తయ్యా."

పాప బడి నుంచి వచ్చేలోగా బజారుకెళ్లి, బురదలో నడవడానికి నా కాలికి సరిపోయే గమ్‌బూట్లు కొనుక్కున్నాను.