నట్టు బిగించి పోయిన దొంగ

ఉదయం ఆరున్నరకి అరుణకుమారి పికప్ తలుపు తెరిచి చూసేసరికి, స్టీరింగు ఉండాల్సిన చోట ఒట్టి ఇనుప కడ్డీ నిలబడి ఉంది.

ఆమె అరవలేదు. తలుపు మూసి, మళ్ళీ తెరిచి చూసింది. కడ్డీయే.

బండి వెనకాల నిన్న సాయంత్రం కూలీలు నింపి వెళ్ళిన పలక రాయి ఉంది. నిండు లోడు. అది ఉదయం పదింటికల్లా మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ గేటు దాటాలి. మేనేజరు దాపరికం లేకుండా చెప్పాడు. "ఒక్క లోడు చూస్తానమ్మా. టైముకి వస్తే ఏడాదంతా రాయి నువ్వే తోలుకో. రాకపోతే ఎప్పట్లాగే నాగయ్య బండి."

మూడున్నర గంటలుంది. స్టీరింగు లేదు.

"ఏంది అరుణా, అట్ల నిలబడినావు?" అంటూ నోట్లో వేపపుల్లతో ఆమె భర్త నరసింహం వచ్చాడు. క్యాబిన్‌లోకి తొంగి చూసి, పుల్ల తీసి, తీరిగ్గా ఉమ్మి, "దొంగలు పడినారు," అని తేల్చాడు. "మా లారీ రోజుల్లో విజయవాడ రూట్లో ఇట్లాంటివి ఎన్ని చూసినానో. నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. నేను చూస్తా."

పెళ్ళికి ముందు నాలుగేళ్ళు నరసింహం లారీ డ్రైవరని అందరికీ తెలుసు. తర్వాత పద్నాలుగేళ్ళుగా అతను చేస్తున్నది కంది సేద్యమే అయినా, తర్లుపాడు చుట్టుపక్కల ఎవరి బండి ఆగినా సలహా అతనిదే. అరుణకుమారిది పెద్దారవీడు. పుట్టింట్లో ట్రాక్టరు తోలింది, లైసెన్సు తీసుకుంది, దాన్ని ఈమధ్య రెన్యూ కూడా చేయించుకుంది. కానీ పెళ్ళైన వారానికే భర్త తేల్చి చెప్పాడు. "లారీ డ్రైవరు పెండ్లాం ట్రాక్టరు తోలితే నా పరువేం గావాల?" అప్పట్నించి ఆమె ఏ బండినీ ముట్టుకోలేదు.

ఈ పికప్‌ని ఆమె నాలుగు నెలల కిందట ఒక పాత సామాన్ల దుకాణం వెనక చూసింది. చూసింది అనడం కష్టం. సర్కారు తుమ్మ చెట్టు ఒకటి ఇంజను గూట్లోంచి మొలిచి, బానెట్‌ని పైకెత్తి, క్యాబిన్ మీద గొడుగు పట్టినట్టు పెరిగి ఉంది. రెండు గేదెల్ని అమ్మి దాన్ని కొని ఇంటికి లాక్కొస్తే, అత్త కృష్ణమ్మ చుట్టూ ఓసారి తిరిగి చూసి, "చెట్టు కొన్నావా, బండి కొన్నావా?" అని అడిగింది.

చెట్టు నరకడానికి ఒక రోజు. మిగతాదానికి మూడు నెలలు. మెకానిక్ శ్యాంసన్ రోజూ సాయంత్రం తన షెడ్డు కట్టేసి వచ్చి పనిచేసేవాడు. కాలు పెడితే నేల కనిపించే క్యాబిన్ అడుగుకి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాడు. ఎలుకలు కొరికిన వైరింగంతా పీకి కొత్తది లాగాడు. కింద బరువు మోసే కమాన్ కట్టల్లో విరిగిన పట్టీలు మార్చాడు. బ్రేకులకి లైనర్లు, డీజిలు పంపుకి మరమ్మతు, చివరికి నీలం రంగు. ఇంజను మొదటిసారి స్టార్టయిన రోజు కృష్ణమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. శ్యాంసన్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, నిమ్మకాయల మీదుగా బండి నడిపాడు. నడపాల్సింది నరసింహమే, కానీ ఆ రోజు అతనికి కడుపు బాగాలేదు.

ఆ మర్నాటి నుంచే ఎవరో బండి మీద పగబట్టారు.

మొదట ఇంజను గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది. విప్పి చూస్తే సైలెన్సరు గొట్టంలో పాత లుంగీ గుడ్డ కుక్కి ఉంది. వారం తర్వాత ఫ్యాను బెల్టు మాయమైంది. రెండు రోజులు వెతికితే పశువుల కొట్టంలో దూలం మీద, పేపరులో పొట్లం కట్టి దొరికింది. ఇప్పుడు ఏకంగా స్టీరింగు.

ఫోను చేసిన ఇరవై నిమిషాలకి శ్యాంసన్ మోటారు సైకిలు మీద వచ్చాడు. అప్పటికే నరసింహం దర్యాప్తు మొదలుపెట్టాడు. నేల మీద కాలి గుర్తులు చూశాడు. అవి తనవే.

"మన శత్రువులు ముగ్గురు," అన్నాడు వేళ్ళు మడుస్తూ. "ఒకటి నాగయ్య. రెండోది, చెప్పగూడదు గానీ, మా అమ్మ."

"నేనేం జేసినా రా?" అంది గంప కింద కోళ్ళని వదులుతున్న కృష్ణమ్మ.

"రెండు నెలలు ఆ క్యాబిన్‌లో నీ కోళ్ళు గుడ్లు పెట్టినాయి. సీటు కుట్టించి కోళ్ళను తరిమినామని మూడు దినాలు మాతో మాట్లాడలా నువ్వు."

"మాట్లాడకపోతే నీకు సుఖంగా ఉండె గదా నాయనా. స్టీరింగు తీసుకపోయి నేనేం జేసుకుంటా, తల కింద పెట్టుకోనా?"

"మూడోది," అని నరసింహం ఆగి శ్యాంసన్ వైపు చూశాడు. "బండి ఎన్నిసార్లు చెడితే మెకానిక్‌కి అన్నిసార్లు పని."

శ్యాంసన్ పానా కింద పెట్టాడు. "అన్నా, ఈ బండి దెబ్బకి మా రమ్య నన్ను ఇంట్లోకి రానియ్యడం లేదు. ఆదివారం చర్చిలో కూడా నా చొక్కా డీజిలు వాసనేస్తాందని మా అత్త దూరంగా కూర్చుంది. ఇది ఎప్పుడు రోడ్డెక్కుతాదా అని మొక్కుకుంటాండా."

అంతలో నాగయ్యే వచ్చాడు, తన బండితో సహా. కబురు ఎలా అందిందో తెలియదు. దిగి, కడ్డీని చూసి, నాలుక చప్పరించాడు.

"చెల్లెమ్మా, లోడు నా బండిలోకి మార్చుకుందాం. మనిషన్నాక కష్టాలు వస్తాయి."

"నీకెట్ల తెలిసింది నాగయ్యా?" అని నరసింహం ఎగిరాడు. "రాత్రి యాడుంటివి?"

"గిద్దలూరులో మా మేనల్లుడి పెళ్ళిలో. తెల్లారి బస్సు దిగినా. మీ అమ్మ పాల కేంద్రంలో చెప్పింది, స్టీరింగు పోయిందని. నేను దొంగనే అయితే బావా, ముందు నా బండికి మార్చుకోనా? నా స్టీరింగు ఎట్ల ఊగులాడుతాదో నీకు తెల్దా, పోయిన్నెలే గదా నువ్వు సలహా ఇచ్చింది."

"ఏం సలహా ఇచ్చినా?"

"టైర్లలో గాలి చూసుకోమన్నావు."

ఎనిమిదయింది. అరుణకుమారి వీళ్ళ మాటలు వినడం మానేసి క్యాబిన్ వైపు నడిచింది. శ్యాంసన్ లోపలికి వంగి కడ్డీని చూస్తున్నాడు.

"అక్కా, ఇట్ల రా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది చూడు. స్టీరింగు తీయాలంటే ఈ నడిమి నట్టు ఇప్పాల. ఇప్పినాడు. స్టీరింగు పీకినాడు. తర్వాత నట్టు పోకుండా మళ్ళా కడ్డీకి బిగించి పోయినాడు. వాషరు కూడా ఉంది. దానికి గ్రీజు పూసినాడు. ఇంత పద్ధతైన దొంగని నేను పుట్టి చూడలా."

అరుణకుమారి నట్టుని వేలితో తాకింది. గ్రీజు తాజాగా ఉంది. దొంగకి బండి మీద కోపం లేదు. చెడగొట్టే ఉద్దేశమూ లేదు. బండి కదలకూడదు, అంతే. దానికోసం ఇనుముకి దెబ్బ తగలకుండా, ఒక్క వస్తువు పోకుండా జాగ్రత్త పడుతున్నాడు.

"అన్నా," అని శ్యాంసన్ కేకేశాడు. "ఒకసారి లోపలికెక్కి ఈ కడ్డీ కదలకుండా పట్టుకో. ఇరుసు సరిగ్గా ఉందో లేదో నేను కింద చూస్తా."

నరసింహం కుడివైపు, డ్రైవరు తలుపు పక్కనే ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. ఒక్క కాలు ఎత్తితే సీట్లో ఉంటాడు. అతను మాత్రం గిరుక్కున తిరిగి, బండి ముందు నుంచి చుట్టూ నడిచి, ఎడమవైపు తలుపు తెరిచి, ఎక్కి, సీటు మీద జరుగుతూ జరుగుతూ కడ్డీ దగ్గరికి వచ్చాడు.

అరుణకుమారి కదలకుండా చూసింది.

పద్నాలుగేళ్ళుగా విన్న లారీ గొప్పలన్నీ ఆమె మనసులో ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్ళాయి. అర్ధగంటలో టైరు మార్చిన గొప్ప. వానలో టార్పాలిన్ కట్టిన గొప్ప. పరుగెత్తి చెక్‌పోస్టులో కాగితాలు చూపించిన గొప్ప. ముందరి అద్దాన్ని అరటిపండు తొక్కతో తుడిచిన గొప్ప. ఒక్కదానిలోనూ గేరు లేదు. క్లచ్ లేదు. ఒక్కసారైనా బ్రేకు వెయ్యలేదు.

ఆమెకి దొంగ దొరికాడు. స్టీరింగు ఇంకా దొరకాలి, అదీ గంటలోపల. నిలదీస్తే నరసింహం నాగయ్య ముందు, తల్లి ముందు ససేమిరా ఒప్పుకోడు. పరువు కోసం స్టీరింగు దాచినవాడు పరువు కోసమే దాచి ఉంచుతాడు.

"ఏమయ్యా," అంది మామూలుగా. "రాత్రి భుజం నొప్పి అన్నావు గదా. ఎట్లుంది?"

నరసింహం కళ్ళార్పాడు. "భుజమా?"

"అదే, మూలిగినావు గదా. ఆ భుజంతో నువ్వు గేర్లు వేస్తే రేపటికి చెయ్యి లేవదు. స్టీరింగు దొరికితే ఇయ్యాళ నేనే తోల్తాలే. లైసెన్సు ఉంది. నువ్వు పక్కన కూర్చుని ఎట్ల పోవాల్నో చెప్పు. అంత అనుభవం ఉన్నోడివి, నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం."

నరసింహం చెయ్యి తనంతట తాను పైకి లేచి కుడి భుజం పట్టుకుంది. కాసేపాగి, ఎందుకైనా మంచిదని, ఎడమది కూడా పట్టుకుంది.

"నొప్పే," అన్నాడు. "బాగా నొప్పి. నేను చెప్పగూడదనుకున్నా."

"రేపు, ఎల్లుండి కూడా నేనే తోల్తా. నీ భుజం బాగయ్యేదాకా."

"ఇట్లాంటి నొప్పి తొందరగా పోదు అరుణా."

"పోదు. అయినా స్టీరింగే లేదు, ఎవరు తోలితే ఏంది."

"ఒకసారి చూసొస్తా," అని నరసింహం దిగాడు. ఈసారి పశువుల కొట్టం వైపు పోలేదు, ఇంట్లోకి పోలేదు, చుట్టూ చూడలేదు. తిన్నగా గడ్డివామి దగ్గరికి నడిచి, మోచేతి వరకు చెయ్యి దూర్చి, స్టీరింగు తీసుకుని వచ్చాడు. గోనెసంచిలో చుట్టి ఉంది.

"దొరికింది," అన్నాడు. "దొంగనాయాలు యాడ పెట్టినాడో చూడు."

 నాగయ్య గడ్డివామిని చూశాడు, నరసింహాన్ని చూశాడు, తన బండెక్కి వెళ్ళిపోయాడు. కృష్ణమ్మ కోళ్ళకి నూకలు చల్లుతూ, "మా వాడికి చిన్నప్పట్నించీ ఇంతే, పోయినవి తొందరగా దొరుకుతాయి," అంది.

శ్యాంసన్ పావుగంటలో స్టీరింగు బిగించి, రెండువైపులా తిప్పి చూసి, తన మోటారు సైకిలెక్కాడు. తొమ్మిదికి పది నిమిషాలుండగా బండి కదిలింది.

అరుణకుమారి మొదటి రెండు మైళ్ళు రెండో గేరు దాటలేదు. లోడు బండి ట్రాక్టరులా చెప్పిన మాట వినదు. మలుపులో వెనక భాగం ముందుకి తోస్తుంది. మూడో మైలు దగ్గర ఇంజను మోత చెవికి అలవాటైంది. నాలుగో గేరు పడగానే ఆమెకి నవ్వొచ్చింది. తుమ్మ చెట్టు కింద పడి ఉన్న ఇనుము, ఎదురుగాలిని చీల్చుకుంటూ కందిచేల మధ్య పోతోంది. దారిలో మేకల మంద అడ్డం వచ్చి ఎనిమిది నిమిషాలు మింగింది. ఒక ఆటో దారివ్వక నాలుగు మింగింది. నరసింహం ఎడమ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఆటోవాణ్ణి గద్దించి పక్కకి తోలించాడు. ఒక్క సలహా కూడా చెప్పలేదు.

తొమ్మిది నలభై ఆరుకి ఫ్యాక్టరీ గేటు కనిపించింది. వాచ్‌మన్ చెయ్యెత్తాడు.

"అన్‌లోడింగు లోపల ఎనక పక్కమ్మా. రివర్సులో రావాల. సందు ఇరుకు, చూసుకో."

అరుణకుమారి బండిని సందుకి ముందు ఆపింది. అద్దంలో చూసింది. రాయి అడ్డం వచ్చి వెనకేమీ కనిపించడం లేదు. ఇంజను ఆపకుండా, అద్దం మీంచి చూపు తిప్పకుండా అంది. "చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నరసింహం గొంతు సవరించుకున్నాడు.

"నేనే తీసినా. గుడ్డ నేనే పెట్టినా, బెల్టు నేనే దాచినా. నీ బండి చెడాలని కాదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. నాకు తోలడం రాదు. పెళ్ళిచూపుల్లో నేను డ్రైవర్నని చెప్పలేదు అరుణా, మా సుబ్బులత్త చెప్పింది. నేను కాదనలేదు, అంతే. మీ నాయన ఎంటనే ఇంకో రెండు లడ్లు పెట్టించినాడు. లడ్డు నోట్లో పెట్టుకోని క్లీనర్నని ఎట్ల చెప్పేది? చెంచయ్య మామ లారీలో నాలుగేండ్లు ఈ పక్కనే కూర్చున్నా. ఒక్కసారి ఇచ్చినాడు స్టీరింగు, కంభం కాడ. నలభై అడుగులు పోయినా. టీ బంకు అడ్డం లేకపోతే ఇంకా పోయేవాణ్ణి. తర్వాత నువ్వు ట్రాక్టరు తోలతావని తెలిసినాక నాకు నిద్ర పట్టలా, అందుకే ఆ పరువు మాట అన్నా. పద్నాలుగేండ్లు మానిపించినా నిన్ను. దానికి నువ్వు ఏమన్నా పడతా, కానీ ఇంటికి పోయినాక అను, ఇప్పుడు టైము పోతాంది. నేను దిగి ఎనక నిలబడతా. కుడి పక్క కాలవ ఉంది, ఎడమ పక్క కరెంటు స్తంభం ఉంది. రానీ అంటే రా, ఆపు అంటే ఆపు. ఈ పని నాకంటే బాగా చేసేవాడు ఈ మూడు తాలూకాల్లో లేడు. ఇది మటుకు అబద్ధం కాదు. కావాలంటే చెంచయ్య మామకి ఫోను చేసి అడుగు."