నోట్లో పోసిన ఇంజెక్షన్

ఆ ఉదయం మా ఆయన పళ్ళు తోముకుంటూ నన్ను చూసి నవ్వారు. నవ్వంతా ఎర్రగా ఉంది!

చిగుళ్ళ నుంచి రక్తం. మోచేతి మీదేమో, ఎక్కడా తగలకుండానే నేరేడుపండు రంగు మచ్చ. కాలి నరంలో ఒకసారి రక్తం గడ్డకట్టడంతో, నెల కిందటి మా పెళ్ళికి ముందు నుంచే ఆయన రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నారు. చేసే పనేమో కొట్టులో అద్దాలు కోయడం. రక్తం మరీ పల్చబడితే ఒక్క గాజుపెంకు చాలు.

"ఇవాళ కొట్టుకు వద్దు," అన్నాను.

"వెళ్ళకపోతే ఓనరు నా తల కోస్తాడు."

"కోయనివ్వను. ఆ తల ఇప్పుడు నాది."

ఆస్పత్రిలో రక్తపరీక్ష చేశారు. రక్తం ఎంత పల్చబడిందో చెప్పే అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి, తొమ్మిదికి చేరింది.

"తిండిలో ఏమైనా మారిందా?" అడిగింది డాక్టరమ్మ.

ఇద్దరం అడ్డంగా తలూపాం. కంగారులో నేను ఫోన్ చేసిన అత్తయ్య ఇంకా లైన్లోనే ఉన్నారు.

"మారకపోవడమేంటి అమ్మాయ్? పాలకూర లేనిదే వాడికి ముద్ద దిగేది కాదు! రోజూ వండి చచ్చేదాన్ని!"

నేను ఆయన వైపు తిరిగాను. "మీకు ఆకుకూర పడదన్నారుగా?"

ఆయన చెవులు కందిపోయాయి. "మొదటిరోజు నువ్వు వండినదాంట్లో ఇసుక తగిలింది. చెబితే బాధపడతావని..."

"మీకు పడదని నేనూ మానేశానండీ! నాకు ప్రాణం పాలకూరంటే!"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "బాగుంది మీ కాపురం! ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది రక్తం గడ్డకట్టడానికి కావాలి. ఈయన రోజూ తినే తిండిని బట్టే మాత్ర డోసు కుదిర్చారు. మీరేమో ఆ తిండి ఎత్తేశారు. ఇక మాత్రకు పట్టపగ్గాలుంటాయా?"

నర్సు చిన్న గాజు సీసాలోని విటమిన్ కె ఇంజెక్షన్ మందును సిరంజిలోకి లాగింది. రోజంతా గాజుతో చెలగాటమాడే మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"సూది లేదు బాబూ, నోరు తెరవండి," అంది నర్సు.

"రక్తం ధారకట్టడం లేదు కాబట్టి నోట్లో కొంచెం పోస్తే చాలు," అంది డాక్టరమ్మ. "మోతాదు మించితే మళ్ళీ గడ్డకడుతుంది. నేను చెప్పేదాకా మాత్ర ఆపండి. గాజు ముట్టుకోవద్దు."

ఆయన మందు మింగి మొహం వికారంగా పెట్టారు.

"నా కూరకంటే నయమా?" అడిగాను.

ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నారు. తెలివైనవారే.

రెండు రోజులకు అంకె దారికొచ్చింది. "రోజూ ఎంత తింటారో అంతే తినండి. ఒకరోజు బండెడు, ఒకరోజు సున్నా కుదరదు," అని డాక్టరమ్మ మాత్ర మళ్ళీ మొదలుపెట్టించింది.

ఆ సాయంత్రం నేను పాలకూర కడుగుతుంటే, ఆయన ఒక్కో ఆకూ వెలుతురుకు ఎత్తి, అద్దంలో గీత వెతికినట్టు వెతికారు. "ఇది వాపసు. ఇదీ వాపసు."

వండాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"నిజం చెప్పనా?"

"చెప్పండి."

"ఇసుకుంది."

నాకెంత ముద్దొచ్చారో!