చెక్క బంతుల బరువు

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. మా ఇంట్లో ఆ కొమ్ములు మా తోటికోడలివి. నేను కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా అత్తయ్యగారికి ‘పెద్దదాన్ని’ తప్ప మరేమీ కాలేకపోయాను. ఆ పిల్ల వచ్చి ఏడాది తిరక్కముందే ‘బంగారం’ అయి కూర్చుంది.

మాది అంకెలను వస్తువులుగా మార్చే కార్ఖానా. ఎవరైనా వాళ్ళ లెక్కలు తెచ్చిస్తే, చేత్తో పట్టుకుని చూసేలా చెక్కతో చేసిస్తాం. తోటికోడలు లేత్ మీద చెక్క తిప్పుతుంది. నేను ఇత్తడి రేకుల మీద పేర్లూ అంకెలూ చెక్కి అతికిస్తాను. చెక్కను చూసి ఆహా అన్నవాళ్ళే గానీ, రేకును చూసి అన్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.

ఈసారి పని గ్రంథాలయానిది. ఏడాదిలో ఏ వీధివాళ్ళు ఎన్ని పుస్తకాలు తీసుకెళ్ళారో బరువును బట్టి తెలిసేలా వీధికో చెక్క బంతి చెయ్యాలి. వచ్చినవాళ్ళు ఎత్తి చూసుకుంటారు. ప్రదర్శన ప్రారంభం రోజున పక్కన నిలబడి వివరించడానికి ఒక్కరు చాలన్నారు లైబ్రేరియన్ గారు. ఆ వివరించే మనిషికే తర్వాతి పెద్ద పని, ఊరంతా చెక్కలో చూపే పటం, అప్పగిస్తారట. నాకా పటం కావాలి. ఇన్నేళ్ళలో నేను నోరు తెరిచి కోరుకున్నది అదొక్కటే.

“బంగారం నిలబడుతుందిలే. చక్కగా నవ్వుతూ మాట్లాడుతుంది,” అన్నారు అత్తయ్యగారు.

అంటే నేను మూతి ముడుచుకునే పుట్టానన్నమాట!

బంతులు నా బల్ల మీదికి వచ్చాయి. ఎంత నునుపో! వంక పెడదామని వెతికి వెతికి విసిగిపోయాను. రేకులు అతికించడానికి ఒక్కొక్కటే ఎత్తుతుంటే అప్పుడు తగిలింది నా చేతికి. స్టేషన్ వీధి లెక్క మిల్లు వీధికి సరిగ్గా రెట్టింపు. మిల్లు వీధి బంతి ఒంటిచేత్తో లేచింది. స్టేషన్ వీధి బంతికి రెండు చేతులతో పాటు నడుము కూడా సాయం పట్టాల్సి వచ్చింది. తక్కెడలో వేసి చూస్తే ఎనిమిది రెట్లు! లెక్క రెట్టింపు కదాని మహాతల్లి బంతి వెడల్పు రెట్టింపు చేసింది. వెడల్పుతో పాటు ఎత్తూ లోతూ పెరగవూ? ఎంతసేపూ అడ్డకొలతే చూసుకునే లేత్ పనివాళ్ళకే వస్తుంది ఇలాంటి తప్పు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చాటుగా పిలిచి చెప్పొచ్చు. నేను చెప్పలేదు. అందరూ భోజనాలకు కూర్చున్నాక రెండు బంతులూ తెచ్చి కంచాల మధ్య దబ్బున పెట్టాను.

“అత్తయ్యగారూ, ఇవి కాస్త ఎత్తి చూడండి. ఇది దానికి రెట్టింపట!”

అత్తయ్యగారు ఎత్తారు. ఆవిడ ముఖం మాడిపోయింది. తోటికోడలు కూడా ఎత్తి చూసి నాలుక కరుచుకుంది. ఇక ఏడుపే తరువాయి అనుకున్నాను.

“అమ్మో, అక్కా! నువ్వు చూడకపోతే ఊరంతా నవ్వేది. తినగానే మళ్ళీ మొదలెడతా. నువ్వు పక్కనుండి బరువులు చూస్తావా?”

చూడక చస్తానా? తను తిప్పడం, నేను తూచడం. అన్నీ సరిగ్గా వచ్చాయి.

ప్రారంభం రోజున అక్కడ నిలబడింది ఆ పిల్లే. అత్తయ్యగారి మాటకు తిరుగుందా? నేను వెనక వరసలో కూర్చున్నాను.

“మొదట నేను పెద్ద తప్పు చేశానండీ,” అని మొదలుపెట్టింది. తప్పు బంతిని కూడా తెచ్చి అందరిచేతా ఎత్తించింది. జనం పడీపడీ నవ్వారు. “ఈ తప్పు పట్టుకున్నది మా అక్క. అదుగో, అక్కడ కూర్చుంది!” అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్ళీ ముందుకు తిరిగి ఆమెకు చప్పట్లు కొట్టారు.

“తప్పును తనే చెప్పుకునే మనిషి ఎక్కడ దొరుకుతుందండీ! పటం పని మీదే,” అన్నారు లైబ్రేరియన్ గారు.

“అక్క లేకపోతే నేను చెయ్యనండీ.”

“అలాగే, ఇద్దరూ చెయ్యండి.”

అలా నేను కోరుకున్న పని నాకు దొరికింది. తను అడిగి ఇప్పిస్తే దొరికింది. దారిలో నా చెయ్యి పట్టుకుని, “సంతోషమేనా అక్కా?” అని అడిగింది.

“సంతోషమే,” అన్నాను.

ఆ రోజు భోజనాల దగ్గర అందరి ముందూ పరువు తీసినందుకు నన్ను ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, తిట్టి ఉంటే ఆమెను ఎప్పుడో క్షమించేసేదాన్ని.