ఒక క్లచ్ వైరు వాంగ్మూలం

నేను ఒక క్లచ్ వైరును. మోటారు సైకిల్ హ్యాండిల్‌కు ఎడమవైపు నల్లటి గొట్టంలోంచి తొంగిచూసే ఉక్కు తీగను మీరు చూసే ఉంటారు, పట్టించుకుని మాత్రం ఉండరు. పంతొమ్మిది సన్నటి పోగులను కలిపి పేనితే నేనయ్యాను. ఊరు పేరు కూడా తెలియని ఫ్యాక్టరీలో యంత్రం నన్ను మెలితిప్పినప్పుడు మొదలైన అవస్థ ఇప్పటికీ తీరలేదు. నిమ్మళంగా ఉండడం నాకు చేతకాదు. బండి మీద ఉన్నన్నాళ్ళూ లాగడం, వదలడం, మళ్ళీ లాగడం. మనుషులకు ఎప్పుడూ ఎక్కడికో పోవాలి. పోయినవాళ్ళు అక్కడన్నా ఉంటారా అంటే ఉండరు, వెంటనే వెనక్కి వచ్చెయ్యాలి. ఈ రాకపోకల్లో వాళ్ళకు దొరికేదేమిటో తొమ్మిదేళ్ళు లాగించుకున్నా నాకు బోధపడలేదు.

మొదట నన్ను నొక్కినవాడు రాయదుర్గంలో పాలు పోసే నబీసాబు. రెండు వైపులా పాలక్యాన్లు వేలాడేసుకుని ఊరంతా రెండో గేరులోనే తిరిగేవాడు. ఆయన బండి అమ్మేశాక నేను బొమ్మక్కపల్లి తిప్పేస్వామి చేతికి వచ్చాను. కొండ కింద నాలుగెకరాల మెట్టచేను, అందులో వేరుశనగ, ఇంట్లో భార్య మారెక్క. ఇదీ అతని సంసారం. మంచివాడే. నన్ను పూర్తిగా నొక్కి గేరు మార్చేవాడు. అలా నొక్కేవాళ్ళు చాలా తక్కువమంది, కావాలంటే ఏ క్లచ్ వైరునైనా అడగండి.

ఒకరోజు నాలో రెండు పోగులు తెగాయి. కుడివైపు ఉండే బ్రేకు వైరుకు అప్పటికే తుప్పు పట్టింది. మెకానిక్ వన్నూరప్ప మా ఇద్దర్నీ ఒకేసారి ఊడబెరికాడు.

“వీటిలో ఇంగ సత్తువ ల్యాదప్పా” అని మట్టిలోకి విసిరేశాడు.

తిప్పేస్వామి వంగి మమ్మల్ని ఏరుకుని, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“దేనికప్పా?” అన్నాడు వన్నూరప్ప.

“యాడన్నా కట్టుకునేదానికి పనికొస్తాయిలే.”

వన్నూరప్ప తల వంచుకుని మళ్ళీ స్పానరు అందుకున్నాడు. కొండ కింద చేలున్నవాళ్ళు పాత వైర్లు అడిగితే మెకానిక్కులు రెండో ప్రశ్న వెయ్యరు. అది అక్కడి మర్యాద. ఆ మర్యాద వెనక ఏముందో నాకు అప్పటికి తెలియదు.

తెలిసింది రెండు రోజుల తర్వాత. అడవిపందులు చేలోకి దిగి ఎనిమిది సాళ్ళు ముట్టెలతో దున్నిపారేశాయి. కాయ ఇంకో వారంలో పీకాలి. మారెక్క అప్పటికే చెయ్యగలిగినదంతా చేసింది. తన పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టింది. చీరలు గాలికి కదిలితే మనుషులున్నారనుకుని పందులు రావట! ఇక మంగలి అంగడి నుంచి వెంట్రుకలు సంచిలో ఎత్తుకొచ్చి గట్ల మీద చల్లింది. మనిషి వాసనకు పారిపోతాయని ఎవరో చెప్పారు. ఆ పందులకు మాత్రం మనుషులంటే ఏమంత భయం ఉన్నట్టు లేదు. ఎర్రంచు చీరను తొక్కుకుంటూ వచ్చి, తిని, ఆ చీర మీదే పొర్లి వెళ్ళాయి.

ఆ సాయంత్రం తిప్పేస్వామి నన్ను జేబులోంచి తీసి ఒక కొసకు ఉచ్చు ముడి వేశాడు. రెండో కొసను చేను కంచె అవతల, సీతాఫలం పొదల దగ్గర, ఒక వేపమొద్దుకు బిగించాడు. అది చేనుకు చెందదు, ఊరి బంజరు. అక్కడ దొరికిన ఉచ్చు ఎవరిదీ కాదు. మారెక్క వెనకే వచ్చి చూసింది.

“ఇది పందినే పడ్తాదని దీనికి ఎవురు చెప్పినారు?”

“ఊరుకోమే.”

“సీతాఫలాలు పండే దినాలు. ఎలుగు దిగుతాది.”

“దాని తోవ పైన ఉండాది. ఇట్ల రాదు.”

“ఒగటే కదా పెట్టింది?”

“ఒగటే” అన్నాడు తిప్పేస్వామి.

అబద్ధం. అంతకు ముందే వెళ్ళి బ్రేకు వైరును కొండెక్కే మేకలదారిలో కట్టి వచ్చాడు. నాకు తెలుసు. మమ్మల్ని ఒకే జేబులోంచి తీశాడు మరి.

మూడు రోజులు కాచుకుని ఉన్నాను. అంతకంటే నరకం ఇంకోటి లేదు. బండి మీద నన్ను లాగేవాళ్ళు, ఇక్కడ నేనే లాగడానికి కాచుకుని ఉండాలి. చిన్న గాలి వచ్చినా గడగడలాడిపోయాను. చెవులపిల్లి ఒకటి నా కిందుగా దూరిపోయింది. ముంగిస నన్ను చూసి పామనుకుందేమో, కాసేపు ఎగిరి ఎగిరి విసిగిపోయింది. ముళ్ళపంది గలగలమంటూ పక్కనుంచి నడిచింది. గుంటనక్క వచ్చి వాసన చూసింది, తిప్పేస్వామి చేతి చెమట పట్టినట్టుంది, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. కొండంతా నన్ను తప్పుకుని తిరుగుతోంది. ఒక్క పంది కూడా రాలేదు.

నాలుగో రోజు తెల్లవారుతుండగా ఎలుగుబంటి వచ్చింది. సీతాఫలాలు తినడానికే వచ్చింది, వేరుశనగ వంక కన్నెత్తి చూడలేదు. వీపు మీద రెండు పిల్లలు, తల్లి బొచ్చును పిడికిళ్ళతో పట్టుకుని కూర్చున్నాయి. ముందు కుడికాలు నాలో పెట్టింది. నేను బిగుసుకున్నాను. అది నా ఇష్టం కాదు, నా ముడి పని అది. అది లాగింది, అరిచింది, మళ్ళీ లాగింది. లాగిన కొద్దీ నేను దాని తోలులోకి దిగాను. పిల్లలు మాత్రం దిగలేదు. తెగిపోవాలని నేను ఎంత కోరుకున్నానో! ఎందుకూ పనికిరానని పారేసిన వైరును, ఆ పొద్దు పదిహేడు పోగులతోనే గట్టిగా నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అరుపు విని ఊరు కదిలింది. అటవీశాఖకు ఫోను చేసింది మారెక్కే. తిప్పేస్వామి ఆమె చెయ్యి పట్టుకుని, “ఎవురిదో మనకు తెలీదను” అన్నాడు. ఆమె చెయ్యి విదిలించుకుంది, కానీ అతని పేరు చెప్పలేదు.

పదింటికి బీట్ ఆఫీసరు ప్రసన్నలక్ష్మి, పశువుల డాక్టరు బోనుతో వచ్చారు.

“ఎవరు పెట్టారు దీన్ని?” అని ఆమె అడిగింది.

అందరూ కొండవైపు చూశారు. కొండ చాలా ఆసక్తికరంగా ఉన్నట్టు.

మత్తు సూది పేల్చాక డాక్టరు నన్ను కట్టరుతో కత్తిరించి, ఎలుగు కాలికి మందు పూశాడు. గాయం ఎముక దాకా పోలేదు, ఇక్కడే వదిలెయ్యొచ్చు అన్నాడు. తల్లిని, పిల్లల్ని బోనులో పెట్టి, మత్తు దిగేదాకా నీడలో ఉంచారు. సాయంత్రం నాలుగింటికి బోనును కొండ మొదట్లో దించారు. తలుపు మేకలదారి వైపు ఉంది. తలుపుకు తాడు కట్టి ఆ కొస ప్రసన్నలక్ష్మి పట్టుకుంది. రెండు ముక్కలైన నేను ఆమె భుజాన వేలాడే సంచీలో నుంచి కొస బయటికి పెట్టి చూస్తున్నాను.

ఆ దారిలోనే నలభై అడుగుల ఎగువన బ్రేకు వైరు ఉంది. ఆ సంగతి అక్కడ తెలిసింది ఇద్దరికే, అందులో ఒకడికి నోరు లేదు.

నోరున్నవాడు జనం వెనక నిలబడి ఉన్నాడు. చెబితే రెండూ అతనివేనని తేలుతుంది. ఇంకో మూడు నాలుగు రోజుల్లో కాయ పీకాల్సినవాడు జైల్లో ఉంటాడు. చెప్పకపోతే ఏమీ కాదు, కుంటి ఎలుగు ఎక్కడ పడిందో ఎవరూ వెతకరు. అతని ఎడమచేతి వేళ్ళు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. తొమ్మిదేళ్ళలో సగం ఆ వేళ్ళతో గడిపాను నేను. చెప్పరా, చెప్పరా అని నాలో నేను మెలికలు తిరిగాను.

ప్రసన్నలక్ష్మి తాడు బిగించింది.

“తలుపు తియ్యొద్దు మేడం!”

జనాన్ని తోసుకుని, బోను పక్కనుంచి పరిగెత్తి, కొండెక్కి, బ్రేకు వైరును వేళ్ళతోనే ఊడబెరుక్కుని వచ్చాడు. చెయ్యి కోసుకుని రక్తం కారుతోంది. వైరును ఆమె చేతిలో పెట్టి, “ఆ సంచీలో ఉండేదీ నాదే” అన్నాడు.

మారెక్క ముందుకు వచ్చింది.

“ఇంగెన్ని ఉండాయి?”

“ఇంతే. నీ మీదొట్టు.”

“నా మీద ఎందుకు? దాని పిల్లల మీద పెట్టు.”

అతను బోను వైపు తిరిగి, చెయ్యి చాపి ఒట్టు పెట్టాడు. నవ్వాల్సిన సంగతే, కానీ ఎవరూ నవ్వలేదు.

ప్రసన్నలక్ష్మి తాడు వదిలి జనం వైపు చూసింది. “ఈ చుట్టుపక్కల ఇంకేమైనా ఉన్నాయా?”

ఒకాయన, “మా చేను తట్టు ఒగసారి చూసొస్తాం” అన్నాడు. ఇంకొకాయన తన చేను వైపు నడిచాడు. అలా ఒక్కొక్కరే కదిలారు. గంట గడిచేసరికి తొమ్మిది వైర్లు సంచీలో పడ్డాయి.

“పొదల్లో దొరికింది మేడం.”

“ఎవురిదో, ఏమో.”

“పాపం, ఎవురు పెట్టినారో!”

అప్పుడు తలుపు తీశారు. ఎలుగు వెంటనే రాలేదు. వచ్చాక కుంటుకుంటూ రాళ్ళెక్కింది. ఒక పిల్ల వీపు మీదికి ఎగబాకింది, రెండోది ఎక్కలేక జారుతూ, అరుస్తూ, వెనకాలే పరిగెత్తింది. అవి పొదల్లోకి పోయేదాకా తిప్పేస్వామి జీపు ఎక్కలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు.

ఆఫీసులో వాంగ్మూలం రాసుకుంటూ ప్రసన్నలక్ష్మి కలం ఆపింది.

“నోరు మూసుకుని ఉంటే నీ మీద కేసే ఉండేది కాదు, తెలుసా?”

“తెలుసు మేడం.”

“మరి ఎందుకు చెప్పావు?”

అతను కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నాడు. “మీరు తలుపు తీస్తా ఉంటిరి గదా” అన్నాడు.

ఆమె ఆ మాట అలాగే రాసుకుంది.

ఆ ఏడు కాయ మారెక్క ఒక్కతే కూలీలను పెట్టి పీకించింది. కోర్టు వాయిదాలకు ఆమే అతని వెంట వస్తుంది. నేను కూడా వెళతాను, గుడ్డసంచీలో, సాక్ష్యంగా. మిగతా రోజుల్లో ఆఫీసు బీరువాలో పదకొండు ఉచ్చులం ఒకదానిలో ఒకటి చిక్కుకుని పడి ఉంటాం. ఎవరైనా తలుపు వేస్తే చాలు, అందరం కలిసి కదులుతాం. ఒక్కొక్కదానికీ ఒక చీటీ కట్టారు. తొమ్మిదింటి మీద ‘దొరికినది, యజమాని తెలియదు’ అని రాసి ఉంది. మా రెండింటి చీటీల మీద మాత్రం మనిషి పేరు ఉంది.